మోచేతి లోతు నీళ్ళు

అసలు నేను కావాలని చేశానా? ముందు దానికి జవాబు చెప్పండి. ఇసకలో మంచినీళ్ళు ఎంత లోతున ఉంటాయో, ఎంత లోతు దాటితే చెడిపోతాయో, మద్రాసులో కొళాయి తిప్పుకుని పెరిగిన పిల్లకి ఎలా తెలుస్తుంది? ఒక్కరైనా చెప్పారా? చెప్పకుండా ఊరుకుని, జరగాల్సింది జరిగాక ఊరంతా వచ్చి గుంత చుట్టూ నిలబడి నా చెప్పుల గుర్తులు ఒకరికొకరు చూపించుకుంటే ఒళ్ళు మండదా?

ఇది జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడు మళ్ళీ మద్రాసులోనే, టెలిఫోన్ ఎక్స్చేంజిలో పని చేస్తున్నాను. నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయికి మొన్న భోజనాల వేళ ఇదంతా చెప్తే, పెరుగన్నం కలుపుకుంటూ నింపాదిగా "ఎంతైనా తప్పు నీదే" అంది. నేను ఆ పూట క్యారియరు మూత పెట్టేసి లేచిపోయాను. సగం సగం చెప్తే ఎవరైనా అలాగే అంటారు. అందుకే మొదట్నుంచీ రాస్తున్నాను.

నాకప్పుడు పద్దెనిమిది నిండాయి. నాన్నకి రేవు ఆఫీసులో గుమాస్తాగా బదిలీ అయింది. నెల్లూరుకి తూర్పున, సముద్రం ఒడ్డున. రేవు అనగానే నేను మద్రాసు హార్బరు లాంటిది ఊహించుకున్నాను. క్రేన్లు, రైలు పట్టాలు, తెల్ల దుస్తుల నావికులు. బస్సు దిగి చూస్తే ఒక జెండా కొయ్య, రెండు గోడౌన్లు, పెంకుటింట్లో ఆఫీసు, దాన్ని ఆనుకుని మా క్వార్టర్సు. ఓడలు ఒడ్డుకి రావు. మైలు దూరాన లంగరు వేసుకుని నిలబడితే పడవల్లో సరుకు తీసుకెళ్ళి ఎక్కించాలి. ఓడ లేని రోజుల్లో ఊళ్ళో చప్పుడు చేసేవి సముద్రమూ కాకులే.

ఆ ఎండని మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. ఉతికిన చీర తాడు మీద ఒక కొస నుంచి ఆరేస్తూ రెండో కొసకి వచ్చేలోపు మొదటి కొస గలగలలాడేది. ఎండకి తోడు ఉప్పుగాలి. నెల తిరక్కుండా తలుపు బందులకి తుప్పు పట్టింది. అద్దం మీద రోజూ పొద్దున్నే సన్నటి తెల్లటి పొర ఉండేది. వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. దాంతో నాకు ప్రతిదీ నాకి చూడటం అలవాటైపోయింది. కిటికీ ఊచ, నా జడ కొస, ఫోను రిసీవరు. ఏది ఎంత ఉప్పగా ఉందో నాకు లెక్క తెలిసేది. అమ్మ చూసి "ఛీ, దూడలాగా" అని చీదరించుకునేది.

ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఆఫీసుకీ మా ఇంటికీ మధ్య వరండాలో గోడకి ఉండేది. నాన్న ఎప్పుడూ పడవల దగ్గర, గోడౌన్ల దగ్గర తిరుగుతుంటారు కాబట్టి ఫోను పని నా మీద పడింది. పడిందనకూడదు, నేనే లాక్కున్నాను. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే నెల్లూరు ఎక్స్చేంజిలో ఒక అక్క పలికేది. ఆవిడ మొహం నేనెన్నడూ చూడలేదు. కానీ ఆ ఊళ్ళో నాకున్న స్నేహం అంతా ఆ గొంతుతోనే. లైను ఖాళీగా ఉంటే చాలు, నెల్లూరులో ఎండ ఎంతుంది, ఏ హాల్లో ఏ బొమ్మ ఆడుతోంది, బంగాళదుంపలు దొరుకుతున్నాయా, అన్నీ అడిగేదాన్ని. రిసీవరు చెవికి పెట్టుకునే బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. "ఆ ఫోన్నే కట్టుకోవే, అల్లుడికి భోజనం పెట్టే పని కూడా ఉండదు" అనేది అమ్మ.

మేం దిగిన రోజు సాయంత్రమే మా గడప పక్కన ఎవరో ఒక కొబ్బరిచిప్ప పెట్టి వెళ్ళారు. పెద్ద చిప్ప. పీచంతా గీకి, గాజుముక్కతో రుద్ది, పట్టుకుంటే చేయి జారిపోయేంత నున్నగా చేసి ఉంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అంట్లు తోమే బూడిద వేసుకోడానికి బాగుందని పెరట్లో గోడ మీద పెట్టింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మేం అడగలేదు. సామాన్లు సర్దుకునే హడావిడి.

ఇక నీళ్ళ సంగతి. క్వార్టర్సులో బావి ఉంది కానీ ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తాగడానికి చెలమల నీళ్ళే. ఇసక దిబ్బల వెనక, సముద్రం కేక వేస్తే వినపడేంత దగ్గర్లో ఒక పల్లపు చోటు ఉంది. అక్కడ ఇసకలో చిన్న గుంత చేస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. ఆ గుంతనే చెలమ అంటారు. ఆ నీళ్ళు తియ్యగా, చల్లగా ఉంటాయి. మొదటి రెండు వారాలూ ఆఫీసు బంట్రోతు కావడిలో తెచ్చి పోశాడు. మొదటి గ్లాసు తాగినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. అవతల అంత సముద్రం. ఇవతల ఈ నీళ్ళు. మధ్యలో ఉన్నది ఇసకే. ఉప్పు ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. బంట్రోతుని అడిగితే, ఏదో కాలంలో ఒక ఫకీరు దప్పికతో వచ్చి అక్కడ కర్ర గుచ్చాడని చెప్పాడు. వల బాగు చేసుకుంటున్న ఒక ముసలాయన, గంగమ్మ తల్లి బిడ్డలకి ఒక మూల పాలు దాచిందని చెప్పాడు. నెల్లూరక్కని ఫోన్లో అడిగాను. ఆవిడ ఒక పెద్ద ట్రంకు కాల్ కలిపి వచ్చి మరీ, పెన్న సముద్రంలో కలిసేది పైపైనేననీ, అడుగు నీళ్ళు ఇసక కిందనుంచి పాక్కుంటూ మీ ఊరిదాకా వస్తాయనీ తేల్చింది. మూడు జవాబులూ బాగానే ఉన్నాయి. ఏదీ నాకు చాలలేదు.

మూడో వారంలో బంట్రోతు ఎవరి పెళ్ళికో ఇందుకూరుపేట వెళ్ళాడు. నీళ్ళ పని నాకొచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా తెల్లవారుజామున చెలమలకి వెళ్తారు. నాకు పొద్దున పూట ఫోను వదిలి కదలడానికి లేదు. నాన్న భోజనానికి ఇంటికొచ్చే మధ్యాహ్నమే తీరిక. మధ్యాహ్నం చెలమల దగ్గర ఒక్క మనిషి ఉండదు. అక్కడక్కడ తడి ఇసక కుప్పలు మాత్రం ఉండేవి. పొద్దున తవ్వినవాళ్ళు వెళ్ళేటప్పుడు ఎవరి గుంత వాళ్ళు పూడ్చిపోతారని నాకేం తెలుసు? పిల్లలు గూళ్ళు కట్టి ఆడుకున్నారనుకున్నాను.

రెండు చేతులతో ఇసక తోడాను. మోచేయి మునిగేంత లోతుకి నీళ్ళొచ్చాయి. గ్లాసుతో ముంచితే సగం ఇసక, సగం నీళ్ళు. తేరుకునేదాకా ఆగాలి, మళ్ళీ ముంచాలి, మళ్ళీ ఆగాలి. ఒక్క బిందెకి గంట పట్టింది. నడినెత్తిన ఎండ. రెండో బిందె సగమైనా కాలేదు, గాలివాటుకి ఫోను గంట వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, ఆగకుండా. బిందె వదిలేసి కాలే ఇసకలో పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి గంట ఆగిపోయింది. నాన్న వరండాలోనే పడక్కుర్చీలో గుర్రు పెడుతున్నారు. అది మద్రాసు నుంచి ఓడ ఏజెంటు చేసిన కాల్ అట. సాయంత్రం నాన్నకి పై ఆఫీసరు నుంచి అక్షింతలు పడ్డాయి. నాన్న వాటిని తెచ్చి నా మీద వేశారు. నిద్రపోయింది ఆయన, తిట్లు నాకు.

ఆ కోపంతో మర్నాడు ఆఫీసు షెడ్డులోంచి పార తీసుకెళ్ళాను. ఎక్కువ నీళ్ళు కావాలంటే ఎక్కువ లోతు తవ్వాలి. ఇందులో తప్పేముంది? మద్రాసులో మా ఇంటివాళ్ళు బావి ఎండితే పూడిక తీయించి ఇంకో రెండు గజాలు తవ్వించేవాళ్ళు. నేనూ అదే చేశాను. నడుం లోతు గుంత. అడుగున నీళ్ళు బుగ్గలాగా ఉబికాయి. మూడు బిందెలు ఇలా ముంచి అలా నింపాను. అరచేతిలో పోసుకుని రుచి చూశాను, తియ్యగానే ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఈ ఊరివాళ్ళకి ఈ మాత్రం తోచలేదా అనుకున్నాను. రేపటికి పనికొస్తుందని గుంత అలాగే వదిలేసి, గర్వంగా ఇంటికొచ్చి నెల్లూరక్కకి ఫోన్లో చెప్పుకున్నాను కూడా.

నాలుగో రోజు పౌర్ణమి. ఆ పోటుకి ఉప్పునీళ్ళు కిందనుంచి ఎక్కి నా గుంత అంచుల దాకా నిలిచాయి. అది నాకు తర్వాత తెలిసింది. ముందుగా తెలిసింది నెల్లూరు బస్సు డ్రైవరుకి.

మా గోడకి అవతలి ఇల్లు సోడా భాయిది. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ తడిసిన చొక్కాతో ఉండేవాడు. రేవు దగ్గర తాటాకు పందిరి కింద ఆయన సోడా మిషను ఉండేది. సీసాల్ని పెట్టెలో బిగించి, పిడి పట్టుకుని తిప్పితే లోపల గోళీలు తిరగబడి బిగుసుకునేవి. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినపడేది. గ్యాసు అయిపోయినప్పుడల్లా ఫోన్ చేయడానికి వచ్చేవాడు. రిసీవరు నా చేతికే ఇచ్చి, "నువ్వే చెప్పు పాపా, నీ గొంతైతే సిలిండరు తొందరగా వస్తాది" అనేవాడు. ఆయన సోడాకి పేరు నీళ్ళ వల్ల. ఆయన చెలమ నా గుంతకి పదడుగుల దూరం.

బస్సు డ్రైవరు రోజూ బండి దిగగానే భాయి సోడా తాగాలి. ఆ రోజు గోళీ నొక్కి, ఒక గుక్క తాగి, పక్కకి ఉమ్మేశాడట. "ఏంది భాయ్, సముద్రాన్ని పట్టి సీసాలో పోసినావా?" అన్నాడట. భాయి ఆశ్చర్యపోయి తనూ తాగి చూశాడు. ఆయనకేమీ తేడా తెలియలేదు. పక్కనున్న పడవవాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళకీ తెలియలేదు. డ్రైవరు మాత్రం రెండో సీసా కూడా ఉమ్మేశాడు. దాంతో అందరూ చెలమల దగ్గరికి నడిచారు. అక్కడ దిబ్బ చాటున, తెల్లవారుజాము చీకట్లో ఎవరి కంటా పడని నడుం లోతు గుంత, అంచు చుట్టూ చెప్పుల గుర్తులు. ఆ ఇసకలో చెప్పులేసుకుని నడిచేది ఊరంతటికీ నేనొక్కదాన్నే.

నేను వెళ్ళేసరికి పాతికమంది ఉన్నారు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. నా కాళ్ళవైపు చూస్తున్నారు.

"పాపా, ఈ గుంత నువ్వు తవ్వినావా?" అని అడిగాడు భాయి.

"అవును, నేనే తవ్వాను. తవ్వకూడదని ఎవరు చెప్పారు? ఇక్కడ బోర్డేమైనా పెట్టారా?" అన్నాను.

"ఇసకలో బోర్డు యాడ పెడతాం తల్లీ" అన్నాడాయన. అని, పంచె పైకి దోపుకుని, నా గుంతలోకి చేతులతో ఇసక తోయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ వంగారు. నేనూ వంగాను.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. అంతకు మూడు రోజుల ముందు మద్రాసు నుంచి కాల్ వచ్చింది. నేనే తీసుకున్నాను, నేనే కాగితం మీద రాసి నాన్నకిచ్చాను. రెండు వారాల్లో ఓడ వస్తోంది. ఆ ఎండాకాలానికి అదే పెద్ద ఓడ. ఓడ లంగరు వేసిన రోజు అందులో వంటసరుకు కొనే ఆయన ఒడ్డుకి వస్తాడు. భాయి పందిరి కింద నిలబడి ఒక్క సోడా తాగుతాడు. నచ్చితే సరుకు ఎక్కించినన్నాళ్ళూ రోజూ పెట్టెలకి పెట్టెలు ఓడకి పోతాయి. నచ్చకపోతే నెల్లూరు నుంచి తెప్పించుకుంటాడు. భాయికి ఆ వేసవి గడవడం ఆ ఒక్క సోడా మీద ఉంది. ఊరవతల కాలవ నీళ్ళు బండి మీద తెచ్చుకోవచ్చు కదా అన్నాను. తెచ్చి చూశాడు. సీసా అడుగున ఒండ్రు పేరుకుంది.

ఇంక పదకొండు రోజులున్నాయి.

మర్నాడు తెల్లవారుతుండగా భాయి మా వాకిట్లోకొచ్చాడు. పోట్లాటకొచ్చాడనుకుని నేను కొంగు దోపుకుని సిద్ధంగా బయటికొచ్చాను. ఆయన చేతిలో గ్లాసుంది. "రుచి చూసి చెప్పు పాపా" అన్నాడు. చూశాను. ఉప్పగానే ఉంది.

"నాకు తెలవటంలా. నా పెళ్ళానికీ తెలవటంలా. పుట్టినకాడ్నించి ఉప్పుగాలి తిన్న నాలికలు మావి. ఓడోళ్ళు ఊరూరి నీళ్ళు తాగినోళ్ళు, వాళ్ళది నీ మాదిరి నాలిక" అన్నాడు.

నా నాలికకి అంత విలువ వస్తుందని ఎవరనుకున్నారు? చెడగొట్టిందాన్నీ నేనే, బాగుపడిందో లేదో చెప్పాల్సిందాన్నీ నేనే. ఆ రోజు నుంచి తెల్లవారగానే గ్లాసు వచ్చేది. ముందు మా ఇంట్లో కాచి చల్లార్చిన కాలవ నీళ్ళతో పుక్కిలించి, తర్వాత ఒక గుక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చూసేదాన్ని. మొదటి రోజు చారు లాగా ఉంది. మూడో రోజు కన్నీళ్ళ లాగా. ఐదో రోజు గంజిలో వేసే ఉప్పంత. ఫోను పక్కనే ఉండే పుస్తకంలో కాల్స్ కింద ఇవి కూడా రాసేదాన్ని. నాన్న చూసి, ఆఫీసరు వస్తే ఇది ఏ ఊరి కాల్ అని చెప్పను అని విసుక్కున్నారు.

కానీ నాన్నకి కూడా పురుగు దొలిచింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నీలం సిరా తెచ్చారు. గాజు గ్లాసులో సగం ఉప్పునీళ్ళు కలిపి, సిరా వేసి నీలంగా చేశారు. దాని మీద గరిటె ఆనించి మంచినీళ్ళు బొట్టు బొట్టుగా వదిలారు. చిత్రం, రెండూ కలవలేదు. కింద నీలం, పైన తెలుపు, మధ్యలో గీత గీసినట్టు. మంచినీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీళ్ళ మీద తేలుతున్నాయన్న మాట. వానాకాలంలో ఇసకలో ఇంకిన నీళ్ళే అవి, ఎండాకాలమంతా అలా కిందనున్న సముద్రం మీద పడుకుని ఉంటాయి. నేను అరగంట సేపు ఆ గ్లాసుని కదలకుండా చూశాను. తర్వాత గరిటె కాడ అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లాగాను. గ్లాసంతా నీలమైపోయింది. అదే నేను పారతో చేసింది. ఫకీరు కర్రా, గంగమ్మ పాలూ, పెన్న అడుగు నీళ్ళూ అన్నీ ఆ గ్లాసులో కనిపించాయి. నాకు సంతోషమూ వేసింది, ఆ గరిటె మళ్ళీ ముట్టుకోబుద్ధీ కాలేదు.

పదో రోజుకి ఉప్పు దాదాపు పోయింది. మింగాక, నాలిక చివర, లెక్కపెట్టి ఐదు అన్నాక తెలిసేది. పదకొండో రోజు పొద్దున ఓడ కనిపించింది. భాయి గ్లాసుతో వచ్చాడు. ఈసారి వెనకాల ఆయన భార్య, నలుగురు పడవవాళ్ళు. నేను పుక్కిలించి, గుక్క నోట్లో పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు దగ్గర ఉంది. సన్నగా, కానీ ఉంది.

తియ్యగా ఉందని చెప్పేస్తే నా తప్పు ఆ నిమిషంలో తీరిపోయేది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆ ఓడ మనిషి కనిపెట్టకపోవచ్చు కూడా. కానీ అతను ఉమ్మేస్తే ఈ ఓడే కాదు, వచ్చే ఓడలన్నీ పోతాయి.

"ఇంకా ఉంది భాయ్" అన్నాను.

ఆయన గ్లాసు తీసుకుని మిగిలిన నీళ్ళు నేల మీద పోశాడు. ఆ రోజు మిషను తిరగలేదు. ఓడ మనిషి మూసిన పందిరి చూసి, నెల్లూరు సోడాలకి చెప్పి వెళ్ళాడు. ఆ కాల్ కలిపింది కూడా నేనే. నా చేత్తో పిడి తిప్పి, నా నోటితో చెప్పాను, ఎన్ని పెట్టెలు కావాలో. అవతల నెల్లూరక్క "ఏంది, గొంతు అట్టా ఉండాది?" అని అడిగింది. లైను బాగాలేదన్నాను.

ఓడ ఉన్నన్నాళ్ళూ భాయి పడవల్లో కూలికి వెళ్ళాడు. ఓడ వెళ్ళిపోయిన వారానికి ఆయన భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, సిలిండరు వెనక్కి తీసుకుపొమ్మని ఫోన్ చేయించడానికి వచ్చింది. లైను కలవడానికి ఆలస్యమైతే పెరట్లో అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి మాటలు ఆగిపోయాయి. నేను తొంగి చూస్తే అక్క మా గోడ మీద ఉన్న చిప్పని చేతిలోకి తీసుకుని, అందులో బూడిద నేల మీద కొట్టి, కొంగుతో తుడుస్తోంది.

"ఇది నేనిచ్చింది గదమ్మా" అంది.

అప్పుడు తెలిసింది. ఆ ఊరికి కొత్తగా కాపురం వస్తే చెలమల్లో పక్క చోటు ఎవరిదో వాళ్ళు గడప దగ్గర చిప్ప పెడతారట. చిప్పతో ఎంత లోతు గీకగలవో అంతే తవ్వాలి. చిప్పతోనే పైపైన తేట నీళ్ళు తీసుకోవాలి. అదే చిప్పతో ఇసక లాగి పూడ్చి రావాలి. ఇంతా ఆ చిప్పలో ఉందట. నోటితో చెప్పడం మర్యాద కాదట. మీకు నీళ్ళు తోడుకోవడం తెలియదు అని కొత్తవాళ్ళ మొహాన అన్నట్టవుతుందట.

నాకు మళ్ళీ మంట లేచింది. "చిప్పకి నోరుందా అక్కా? ఒక్క మాట చెప్తే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

అక్క కోపం తెచ్చుకోలేదు. చిప్ప నా చేతిలో పెట్టింది. "దానికి నోరెందుకు? నీకుండాది గదా. నెల్లూరులో మొహం తెలవని మనిషిని ఫోన్లో అడిగినావంట, ఈ నీళ్ళు యాడ్నించి వస్తాయని. గోడకి ఈ పక్కనుండే నన్ను అడగలా."

అంతలో ఫోను మోగింది. లైను కలిసింది. ఆ ఒక్కసారి నాకు వెళ్ళాలనిపించలేదు.

జూన్‌లో ఒక సాయంత్రం గట్టి వాన కురిసింది. మర్నాడు, అప్పటిదాకా రోజూ వస్తూనే ఉన్న గ్లాసు రాలేదు. నేనే చిప్ప తీసుకుని, చెప్పులు ఇంట్లో వదిలి, తెల్లవారుజామున చెలమలకి వెళ్ళాను. అక్క పక్కన కూర్చుని మోచేతి లోతు గీకాను. తేట తీసి నోట్లో పెట్టుకుని పది దాకా లెక్కపెట్టాను. ఏమీ లేదు. ఇంకోసారి చూశాను. లేదు. అక్కకి చెప్తే, చెలమ పూడ్చుకుంటూ, మొగుడికి వినపడేలా దిబ్బ అవతలికి ఒక్క కేక వేసింది. ఆ పొద్దున్నే నేను సిలిండరుకి ఫోన్ చేశాను, అది వచ్చిన మధ్యాహ్నం మిషను చప్పుడు మళ్ళీ వినపడింది. చివరి ఓడ ఒకటి, చిన్నది, ఆ నెలాఖరున వచ్చింది. దాని మనిషి సోడా తాగి, ఇంకొకటి అడిగాడు.

ఇక్కడితో అయిపోతే నేను తప్పు ఒప్పుకుని ఊరుకునేదాన్ని. కానీ ఆ మరుసటి వేసవిలో కస్టమ్సు గుమాస్తా ఒకాయన గుంటూరు నుంచి కాపురం తెచ్చాడు. ఆయన భార్య నాకంటే రెండేళ్ళు పెద్ద. ఊళ్ళో నా వయసు మనిషి వచ్చిందని నేనెంత సంబరపడ్డానో. వాళ్ళకిచ్చిన చోటు మా చోటు పక్కనే, కాబట్టి చిప్ప పెట్టాల్సింది నేను. అక్క ఒకటి నున్నగా చేసి ఇచ్చి, చీకటి పడుతుండగా గడప దగ్గర పెట్టేసి గమ్మున రమ్మంది.

నేను గమ్మున రాలేదు. పట్టపగలు తలుపు కొట్టి, చిప్ప చేతికిచ్చి, అన్నీ చెప్పాను. ఎంత లోతు, ఎలా తీయాలి, ఎలా పూడ్చాలి, పౌర్ణమికి ఏమవుతుంది. నీలం సిరా సంగతి కూడా. ఆవిడ మొహం ఎర్రబడింది. "గుంటూరులో మేం నీళ్ళు తాగకుండా బతికామనుకున్నారా? చేతకాక మీ దగ్గర నేర్చుకోడానికి వచ్చామా?" అని చిప్ప తీసుకుని తలుపేసింది. మేం ఆ ఊరు వదిలేదాకా నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఫోను అవసరమైతే మొగుణ్ణి పంపేది.

వారం తర్వాత మధ్యాహ్నం రిసీవరు చెవికి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ పార భుజాన వేసుకుని చెలమలవైపు వెళ్తోంది. ఫోను వదిలేసి దిబ్బ ఎక్కాను. ఆవిడ నాలుగు పారలు తీసింది. నీళ్ళు కనపడ్డాయి. ఐదో పారకి ఎత్తి, ఆగింది. అటూ ఇటూ చూసి, పార పక్కన పడేసి, కొంగులోంచి చిప్ప తీసి కూర్చుంది. వెళ్ళేటప్పుడు పూడ్చి వెళ్ళింది.

అక్కకి చెప్తే నవ్వింది. "నీళ్ళు దక్కినాయి, మనిషి పోయింది గదమ్మా" అంది. "మీరు చిప్ప పెట్టి ఊరుకున్నందుకు మనిషి దక్కింది, ఓడ పోయింది" అన్నాను. అక్క ఇంకో చిప్ప తీసుకుని గాజుముక్కతో గీకడం మొదలుపెట్టింది. ఒప్పుకుందని అనను.

భాయి సోడాకి ఆ వేసవి ఏ లోటూ రాలేదు. ఆ గుంటూరావిడ నాతో మాట్లాడకపోతే పోయింది. గోడ పక్కనున్న మనిషిని నేను అడగకపోవడం తప్పే, అది ఒప్పుకుంటాను, కావాలంటే నా పక్క సీటు అమ్మాయికి కూడా చెప్పుకోండి. కానీ ఒక మనిషి వేసవి సంపాదన పోతుందని తెలిసి కూడా మర్యాద కోసం నోరు కట్టుకోవడం తప్పు కాదని, మీలో ఎవరైనా ఆ పదకొండో రోజు గ్లాసు చేతిలో పట్టుకుని, భాయి మొహం చూస్తూ అనగలరా?